పక్కింటి మంచివాడు



మా కోనసీమలో పిల్లకి సంబంధం చూస్తున్నారంటే, జాతకాలు చూపించే ముందే జరిగిపోయే పని ఒకటుంది. వాకబు. పిల్ల తరఫు పెద్దవాళ్లు ఇద్దరు అబ్బాయి ఊరు వెళతారు. వాళ్లింటికి వెళ్లరు. రెండిళ్ల ఇవతల ఏ అరుగు మీదో కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, కొబ్బరి ధర గురించి కాసేపు మాట్లాడి, అప్పుడు అడుగుతారు. "ఆ మేడవారి అబ్బాయి ఎలాంటివాడండీ?" "ఆయ్, మంచోడేనండీ. తలెత్తి మాట్లాడడండీ. తన పనేదో తనదేనండీ." ఆ ఒక్క మాట మీద ముహూర్తాలు పెట్టేస్తారు.

మాది మురమళ్ళ. వృద్ధ గౌతమి ఒడ్డున భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. స్వామికి నిత్యకళ్యాణం. పెళ్లి కుదరని పిల్లల పేరున కళ్యాణం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దేవుడి దగ్గర మొక్కు, పొరుగువాడి దగ్గర వాకబు, ఈ రెండూ అయ్యాకే మావైపు పెళ్లి. పొరుగువాడి మాటని అంతగా నమ్మే చోట పుట్టి పెరిగినదాన్ని కనుక, ఆ మాటకి ఎంత బరువు పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

ఎక్కడైనా ఘోరం బయటపడగానే టీవీ వాళ్లు నేరస్తుడి ఇంటికి వెళతారు. తలుపుకి తాళం ఉంటుంది. మైకు పక్కింటికి తిరుగుతుంది. పక్కింటావిడ చెంగుతో నోరు కప్పుకుని చెప్పేది ఏ జిల్లాలోనైనా ఒకటే. "మంచోడేనండీ. ఎవరి జోలికీ వెళ్లేవాడు కాదు. ఇలా చేస్తాడనుకోలేదు." చూసేవాళ్లం మనం ఇంట్లో కూర్చుని ఏమంటాం? "పక్కనే ఉండి కనిపెట్టలేకపోయారా?" అంటాం. ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. ఎందుకు అన్యాయమో ఒక ఊరి కథ చెబుతాను.

తెలంగాణలో, యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలో హాజీపూర్ అనే చిన్న ఊరు. హైదరాబాద్ మహానగరానికి మరీ దూరమేం కాదు. 2019 ఏప్రిల్ 25న ఆ ఊరి 14 ఏళ్ల అమ్మాయి కీసరలో బడికి వెళ్లింది. సాయంత్రానికి ఇల్లు చేరలేదు. ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు వెతికారు. మర్నాడు పాడుబడిన వ్యవసాయ బావిలో ఆమె శవం దొరికింది. పోలీసులు పట్టుకున్నది ఏ దారినపోయే దొంగనో కాదు. అదే ఊరివాడు, మర్రి శ్రీనివాసరెడ్డి. ఇరవైల్లో ఉన్న కుర్రాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

అతన్ని ప్రశ్నిస్తుంటే ఇంకో భయంకరమైన సంగతి బయటికొచ్చింది. అదే ఏడాది మార్చి 9 నుంచి కనిపించకుండా పోయిన కాలేజీ అమ్మాయి అవశేషాలు కూడా బావిలోనే దొరికాయి. ఆ తర్వాత 2015లో మాయమైన 11 ఏళ్ల పాప ఎముకలు మరో బావిలో. ఆ పాప ఏమైందో నాలుగేళ్లపాటు ఎవరికీ తెలియదు.  2020 ఫిబ్రవరి 6న నల్లగొండలోని ప్రత్యేక కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది.

బైక్ మీద దింపుతానని చెప్పి ఎక్కించుకోవడం అతను వాడిన ఉపాయం అని దర్యాప్తులో తేలింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ముక్కూ మొహం తెలియనివాడి బండి ఎక్కొద్దని మన పిల్లలకి ప్రతి ఇంట్లోనూ చెబుతాం. ఊళ్లోవాడి బండి ఎక్కొద్దని ఎవరు చెబుతారు? ఎండాకాలం. రోడ్డు మీద ఆటో లేదు. మనవాడే బండి ఆపి "రా అమ్మా, దింపేస్తాను" అన్నాడు. ఎక్కకపోతేనే ఆ పిల్లకి పొగరనుకుంటాం. ఆ అమ్మాయి అజాగ్రత్తగా లేదు. మనం నేర్పిన జాగ్రత్త అంతా పరాయివాళ్ల గురించే. పిల్లలపై లైంగిక నేరాలకి పెట్టే పోక్సో కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలు చెబుతూనే ఉన్నాయి. పిల్లలకి మనం చెప్పే జాగ్రత్తలు మాత్రం మారలేదు.

ఆ రోజుల్లో హాజీపూర్ జనం కోపంతో రోడ్డెక్కారు. నిందితుణ్ణి శిక్షించాలన్నారు. దాంతోపాటు వాళ్లు అడిగినవి ఏమిటో తెలుసా? బస్సు. వాగు మీద వంతెన. పత్రికల్లో ఆ వార్త చదివినప్పుడు నా మనసులో గట్టిగా నాటుకుపోయింది అదే. పక్కింటివాడి మనసులో ఏముందో మాకెందుకు తెలియలేదని ఆ ఊరు గుండెలు బాదుకోలేదు. మా పిల్లలు వాడి బండి ఎక్కే అవసరం ఎందుకొచ్చిందని అడిగింది. ఎంత తెలివైన ప్రశ్న! మనిషి మొహం చూసి నేరం పట్టలేం. బస్సు లేని రోడ్డు మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది కదా, ఏళ్ల తరబడి.

లంకల్లో ఉన్నవాళ్లకి ఈ మాట నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఎదుర్లంక దగ్గర యానాం వంతెన లేని కాలంలో గోదారి దాటాలంటే మాకు పంటే దిక్కు. కాకినాడలో చదివే ఆడపిల్లలు పంటు తప్పిపోతే, ఒడ్డున నిలబడి ఎవరి సాయం అడగాలా అని చూసేవారు. అడగక తప్పని పరిస్థితిలో ఉన్నవాళ్లని వెతుక్కుంటూ వచ్చేవాడు ఒకడు ఉంటాడు. వాడు మంచివాడైతే బతికిపోయాం. కాకపోతే? వాడి మంచితనం మీదే ఆధారపడాల్సి రావడం, నా దృష్టిలో, అసలు ప్రమాదం అదే.

ఇంకో సంగతి. హాజీపూర్‌లో ఆ కాలేజీ అమ్మాయి కనిపించనప్పుడు ఆ కుటుంబం వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. వయసొచ్చిన ఆడపిల్ల ఇంటికి రాకపోతే మన ఊళ్లలో మొదట వచ్చే ఆలోచన ఏమిటో మీకూ తెలుసు. ఎవరితోనో వెళ్లిపోయిందేమో. నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది. నాలుగు రోజులు చూద్దాం. ఆ తల్లిదండ్రుల్ని నేను వేలెత్తి చూపను. ఆ భయాన్ని వాళ్ల మెదడులో పెట్టింది మనమే, ఇరుగుపొరుగు. "వాళ్లమ్మాయి లేచిపోయిందట" అని మన అరుగుల మీద మనం అనుకునే మాటకి జడిసి వాళ్లు నోరు మూసుకున్నారు. పక్కింటివాడి నేరం కనిపెట్టలేకపోవడం మన తప్పు కాదు. పక్కింటివాళ్ల నోరు కట్టేయడం మాత్రం ముమ్మాటికీ మన తప్పే.

పిల్లలు తప్పిపోయిన ఫిర్యాదు వస్తే, అది అపహరణ అయి ఉండవచ్చనే లెక్కతోనే ఎఫ్.ఐ.ఆర్. రాయాలని 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసులో వచ్చిన ఆదేశం అది. అంటే "రెండు రోజులు చూసి రండి" అని పంపేసే హక్కు స్టేషన్‌లో ఎవరికీ లేదు. మా స్టేషన్ పరిధి కాదనే మాట కూడా చెల్లదు. జీరో ఎఫ్.ఐ.ఆర్. ఎక్కడైనా రాయాల్సిందే. ఈ రెండు మాటలూ ప్రతి ఊళ్లో రామాలయం గోడ మీద రాయించాలని నాకుంటుంది.

ఇక మన గోదావరి జిల్లాలకే వద్దాం. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు వెల్లంకి సింహాద్రి అనే వ్యక్తిని అరెస్టు చేశారు. పేపర్లలో ఆ కేసుకి సైనైడ్ ప్రసాదం కేసని పేరు పడింది. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో పదిమందిని చంపాడని పోలీసులు చెప్పారు. గుప్తనిధులు చూపిస్తానని, బియ్యాన్ని లాగే మహిమగల నాణెం ఇస్తానని, జబ్బు నయం చేసే మందు ఉందని చెప్పేవాడట. డబ్బూ బంగారం తెమ్మనేవాడు. తెచ్చాక ప్రసాదమని సైనైడ్ కలిపినది చేతిలో పెట్టేవాడు. చనిపోయినవాళ్లలో అతని చుట్టాలు, ఎరిగినవాళ్లు ఉన్నారని పోలీసులే చెప్పారు.

ప్రసాదం అంటే మనం ఎలా తీసుకుంటామో గుర్తుచేసుకోండి. కుడిచేయి కింద ఎడమచేయి పెట్టి, కళ్లకద్దుకుని, ఏముందని చూడకుండా నోట్లో వేసుకుంటాం. ఏముందని అడగడమే అపచారం. అతను ఎంచుకున్నది ఆ అడగని క్షణాన్ని.

పదిమంది చనిపోయేదాకా ఎందుకు బయటపడలేదు? చాలామంది గుండెపోటుతో పోయారనే అనుకున్నారు. నిన్నటిదాకా తిరిగిన మనిషి కుప్పకూలితే "గుండాగిపోయిందండీ" అనుకోవడం మనకి అలవాటు. ఏడుస్తున్న ఇంట్లో పోస్టుమార్టం మాటెత్తడానికి ఎవరికీ నోరు రాదు. శవాన్ని కోస్తారా అని పెద్దవాళ్లు గగ్గోలు పెడతారు. సూర్యుడు వాలేలోగా శ్మశానానికి తీసుకుపోవాలి. అలా ఒక్కో చావూ కాలిపోయింది. చివరికి ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు చనిపోయినప్పుడు, ఆయన వెంట ఉండాల్సిన డబ్బూ బంగారమూ కనిపించలేదని ఇంట్లోవాళ్లు గమనించారు. ఫిర్యాదు చేశారు. అక్కడ దారం చిక్కింది, ముడులన్నీ ఊడాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మనవాళ్లు. ఆ ఇంటివాళ్లు రాసిచ్చిన కాగితం పట్టింది.

ఇది చదువులేని పల్లెటూళ్లలో జరిగే సంగతని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే పట్టణం ఉంది. అక్కడ హెరాల్డ్ షిప్‌మన్ అని ఒక డాక్టర్. ముసలివాళ్లకి ఎంతో ఇష్టమైనవాడు. పిలిస్తే ఇంటికొచ్చి చూసేవాడు. 2000 జనవరిలో అక్కడి కోర్టు అతను 15 మందిని చంపాడని తేల్చింది. తర్వాత న్యాయమూర్తి జానెట్ స్మిత్ జరిపిన విచారణలో 215 మంది అతని చేతిలో పోయినట్టు నిర్ధారణైంది. అసలు లెక్క 250 దాకా ఉంటుందని ఆమె అంచనా. ఇంజెక్షన్ ఇచ్చేదీ అతనే, చనిపోయాక ఇది సహజ మరణమని కాగితం రాసేదీ అతనే. 1998లో అదే పట్టణంలో ప్రాక్టీసు చేసే ఒక లేడీ డాక్టరుకి, అతని రోగుల్లో చావులు మరీ ఎక్కువగా ఉన్నాయని అనుమానం వచ్చింది. ఆమె అధికారులకి చెప్పింది. అప్పటికి తేలలేదు. తర్వాత ఒక వృద్ధురాలి వీలునామా దొంగదని న్యాయవాది అయిన ఆమె కూతురు పట్టుకుంది. అప్పుడుగానీ కథ తెగలేదు.

ఆ డాక్టరమ్మనీ, ఆ కూతురినీ తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. వాళ్లకి షిప్‌మన్ మొహంలో రాక్షసుడేమీ కనిపించలేదు. ఒకావిడ చావుల లెక్క చూసింది, ఇంకొకావిడ కాగితం మీద అక్షరాలు చూసింది. ఇంగ్లండువాళ్లు ఆ తర్వాత డాక్టర్లందరినీ అనుమానించడం మొదలుపెట్టలేదు. చావుకి కాగితం రాసే పద్ధతినే మార్చారు. వైద్యం చేసిన డాక్టరు రాసిన కారణాన్ని మరో డాక్టరు విడిగా పరిశీలించాలనే నిబంధన 2024 సెప్టెంబరు నుంచి అక్కడ తప్పనిసరైంది. పాతికేళ్లు పట్టింది. అయినా జరిగింది.

ఇదంతా విని ఇరుగుపొరుగుని నమ్మొద్దంటున్నానని మాత్రం అనుకోకండి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా ఐ.పోలవరం మండలాన్నీ చుట్టుపక్కలనీ ఊపేసినప్పుడు, కొబ్బరిచెట్లు అడ్డంగా పడి దారులు మూసుకుపోయినప్పుడు, సర్కారు వచ్చేలోగా వచ్చింది పక్కింటివాళ్లే. పెంకులెగిరిపోయిన ఇళ్లవాళ్లని డాబా ఇళ్లవాళ్లు లోపలికి పిలిచారు. కులం, గొడవ, గట్టు తగాదా ఏదీ ఆ రాత్రి అడ్డురాలేదు. ఒక్క ఇంటి పొయ్యి మీద వీధంతటికీ వండారు. అలాంటి ఊళ్లో పొరుగుని అనుమానిస్తూ బతకమంటే ఎవరు బతుకుతారు? నేనైతే బతకను.

ఇప్పుడు మా వీధి సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. వాళ్ల పిల్లలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

మా పక్కింటాయన్ని మేం మావయ్యగారనేవాళ్లం. కువైట్, దుబాయ్, మస్కట్‌లకి ఇంటిపనికి ఆడవాళ్లని పంపే ఏజెంటు ఆయన. మావైపు ఇది వింతేమీ కాదు. మావైపు ఊళ్లలో పెంకుటిల్లు డాబా అయిందంటే, ఆడపిల్ల పెళ్లయిందంటే, దాని వెనక ఎడారి దేశంలో ఏదో ఒక వంటింట్లో పగలూ రాత్రీ పనిచేస్తున్న తల్లి ఉంటుంది. మావయ్యగారింటికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. అరుగు మీద కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు చూపించేవారు. వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన టాంగు పొడి, నీడో పాల డబ్బా, యాక్స్ ఆయిల్ సీసా ఆయన మా ఇంటికి కూడా పంపేవాడు. మా నాన్నగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే జీపు మాట్లాడి అమలాపురం తీసుకెళ్లింది ఆయనే. ఆస్పత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చున్నాడు. ఎవరైనా వాకబుకి వచ్చి అడిగితే మా అమ్మ ఒక్క క్షణం తడుముకోకుండా చెప్పేది, ఆయనంత మంచివాడు లేడని. అది నిజమే. మాకు నిజమే.

ఒక రోజు మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. వీధంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. ఆయన్ని తీసుకుపోతుంటే లుంగీ మార్చుకుని వస్తానని అడిగాడు. ఒప్పుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని జీపెక్కాడు. ఇంట్లోంచి ఇనప్పెట్టె ఒకటి బయటికి తెచ్చారు. అందులో రబ్బరుబ్యాండ్లు వేసి కట్టలు కట్టిన పాస్‌పోర్టులు. అన్నీ ఆడవాళ్లవే. పని వీసా అని డబ్బు తీసుకుని కొందరిని విజిట్ వీసా మీద పంపేశాడట. వీసా గడువు తీరాక వాళ్లకి అక్కడ జీతం అడిగే హక్కు లేదు, తిరిగొచ్చే దారి లేదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని అసలు పంపనేలేదు. లంకలో ఒక తల్లి తన కూతురు ఎక్కడుందో తెలియక నెలల తరబడి ఆయన గుమ్మం చుట్టూ తిరిగింది. ఆవిణ్ణి మేం చూశాం. అరుగు మీద కూర్చుని కళ్లొత్తుకోవడం మా కిటికీలోంచి కనిపించేది. ఏదో డబ్బు తగాదా అనుకున్నాం. మావయ్యగారు మంచివాడు కనుక తప్పు ఆవిడదే అయి ఉంటుందనుకున్నాం.

ఏడుస్తూ కూర్చున్న ఆవిడ మా కళ్లెదుటే ఉంది. మాకు టాంగు పొడి పంపిన చెయ్యి ఎవరి నోట్లో మట్టి కొడుతోందో ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. మంచివాడు అని మనం ఇచ్చే కితాబు, ఆయన మనతో ఎలా ఉన్నాడన్నది మాత్రమే చెబుతుంది. ఆయన చేతికింద ఉన్నవాళ్లతో, ఆయన మీద ఆధారపడ్డవాళ్లతో ఎలా ఉన్నాడో అందులో ఉండదు. నేరం జరిగేది అక్కడ. పెళ్లి సంబంధం వాకబుకి వెళ్లినా సరే, పక్కింటి మేడవాళ్లని కాదు, ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషిని అడగాలి. వాళ్ల తోటలో దింపు తీసే మనిషిని, కూలి సరిగ్గా ఇస్తున్నారా అని అడగాలి. వాళ్ల "మంచివాడే" అన్న మాటకైతే నేను పూర్తి బరువు పెడతాను.

ఆయన కూతురు బడిలో నా పక్కనే కూర్చునేది. జీపు వచ్చిన మర్నాడు కూడా బడికి వచ్చింది. ఆ పిల్ల కూర్చుంటే ఆ బల్ల మీద మిగతావాళ్లు అటు జరిగిపోయారు. పంతులుగారు కూడా చూడనట్టే ఊరుకున్నారు. వీధిలో ఆ ఇంటికి పేరంటం పిలుపులు ఆగిపోయాయి. రాత్రిపూట ఎవరో గేటు మీద రాళ్లు వేసేవారు. నిన్నటిదాకా ఆ అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడినవాళ్లే.

శ్రావణ శుక్రవారం వచ్చింది. మా అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. గుమ్మంలో నిలబడి "సాయంత్రం పేరంటానికి రండి అత్తయ్యగారూ" అని పిలిచింది. ఆవిడ తలుపు పట్టుకుని ఉండిపోయిందిగానీ మాట రాలేదు. సాయంత్రం తల్లీ కూతురూ వచ్చారు. మా ఇంటికి వస్తామన్న ముత్తయిదువుల్లో సగంమంది రాలేదు. అమ్మ ఆ సగంమందికీ మర్నాడు శనగలు, తాంబూలం పట్టుకెళ్లి ఇచ్చి, ఆ పిల్ల ఏం చేసిందని మీరు రాలేదని ముఖం మీదే అడిగింది. అదే అమ్మ, అదే నెలలో, లంకలో ఉన్న ఆ తల్లిని తోడు తీసుకుని స్టేషన్‌కి వెళ్లి, మా కిటికీలోంచి ఏం చూశామో సాక్ష్యంగా రాయించి సంతకం పెట్టింది. ఆయన మా నాన్నగారికి చేసిన ఉపకారం మరిచిపోయావా అని వీధిలో కొందరు అన్నారు. మరిచిపోలేదంది. కోర్టులో అడిగితే అది కూడా చెబుతానంది.

హాజీపూర్‌లో ఊరివాళ్లు కోపం పట్టలేక నిందితుడి ఇంటికి నిప్పుపెట్టారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ముగ్గురు పిల్లలు బావుల్లో శవాలై దొరికిన చోటు అది. అయినా ఇంటిని కాల్చడం దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఆ ఇంట్లో నేరం చేయనివాళ్లు కూడా ఉంటారు. పక్కింటివాడి నేరం మనకి తెలియలేదన్న సిగ్గు చాలాసార్లు అతని పెళ్లాం పిల్లల మీద కోపంగా తిరుగుతుంది. వాళ్లకి మాత్రం తెలియకుండా ఉంటుందా అంటాం. ఒక గోడ అవతల మనకి తెలియనిది, ఒకే కంచం ముందు కూర్చున్నవాళ్లకైనా తెలిసి ఉండాలని లేదు. తెలిసి ఉంటే దానికి కోర్టు ఉంది.

ఏజెంట్ల విషయం ఇంకొంచెం వివరంగా చెప్పి ముగిస్తాను. మావైపు ఇది ఇవాళ కూడా ప్రతి నెలా జరుగుతున్న పని. విదేశాల్లో పనికి మనుషుల్ని పంపాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటుంది. పేరు కొడితే నిమిషంలో తెలుస్తుంది. రిజిస్టరైన ఏజెంటు కూడా తన సేవకి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాసవని స్త్రీ కువైట్ లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. ఆ వయసు లేనివాళ్లని, అనుమతి రానివాళ్లని విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. విమానం ఎక్కేటప్పుడు ఎవరైనా అడిగితే చుట్టాల్ని చూడ్డానికి వెళుతున్నానని చెప్పమని నేర్పిస్తారు. ఆ అబద్ధం మీ చేత చెప్పించారంటే అక్కడే ఆగిపోండి. ఏజెంటు మీ పిన్ని కొడుకైనా సరే, చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిప్పిన పక్కింటి మావయ్యగారైనా సరే.

రాష్ట్ర ప్రభుత్వం తరఫున మనుషుల్ని పంపే ఓంక్యాప్ సంస్థ ఉంది. ముందు అక్కడ కనుక్కోండి. పనికి వెళ్లేవాళ్ల పేరున ప్రవాసీ భారతీయ బీమా చేయించారా అని అడగండి. 10 లక్షల రూపాయల బీమా అది. ప్రయాణానికి ముందు పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, ఈ మూడింటినీ జెరాక్స్ తీయించి ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ ఇరుగుపొరుగులో మీరు నమ్మే ఇంట్లో పెట్టండి. ఏజెంటు ఫోను నంబరు, మీరు ఇచ్చిన డబ్బు లెక్క, ఇచ్చిన తేదీ ఆ జెరాక్స్ వెనకే రాయండి. పిల్లలు కనిపించకపోతే 1098కి, ఏ ఆపదకైనా 112కి ఫోను చేయండి. నాలుగు రోజులు చూద్దామనుకోవద్దు, అదే పూట చేయండి.

ఈ శ్రావణానికి మీ వీధిలో ఏ ఇంటికైనా పేరంటం పిలుపు ఆగిపోయి ఉంటే, భరిణె పట్టుకుని ముందు ఆ గుమ్మానికే వెళ్లండి.